లాగడం వేరు, కదిలించడం వేరు: మాన్యువల్ పికప్‌కు బరువైన ట్రైలర్ కడితే

మా పెద్దమ్మ కొడుకు మదనపల్లె నుంచి వచ్చి బెంగళూరులో వైట్‌ఫీల్డ్ వైపు ఫుడ్ ట్రైలర్ నడుపుతున్నాడు. రాగిసంగటి, నాటుకోడి పులుసు, శనివారాలు ఉలవచారు. వంటగది మొత్తం ట్రైలర్ మీదే ఉంటుంది. దాన్ని లాగేది ఒక పాత మాన్యువల్ డీజిల్ పికప్. రోజూ సాయంత్రం ఐదింటికి ట్రైలర్‌ను రోడ్డు మీంచి రివర్స్‌లో తోస్తూ, చిన్న ర్యాంపు ఎక్కించి, అద్దె సైటులో నిలబెడతాడు. మొన్న ఒక సాయంత్రం నేనూ అక్కడే ఉన్నాను. మూడోసారి రివర్స్ చేసేసరికి పులుసు వాసన కంటే ముందు కాలిన కొబ్బరిపీచు లాంటి వాసన వచ్చింది. "ఏందన్నా ఇది?" అంటే, "క్లచ్చేలేరా, ఏడాదిలో ఇది రెండో సెట్టు" అన్నాడు, తరచూ వచ్చిపోయే చుట్టం గురించి చెప్పినట్టు.

అప్పటి నుంచి ఇంట్లో ఒకటే పంచాయితీ. షోరూమ్ వాళ్లు ఆటోమేటిక్ పికప్ కొటేషన్ చేతిలో పెట్టి, బరువు లాగాలంటే ఇదే తీసుకోండి అన్నారు. మెకానిక్ ఏమో లోడు బండికి మాన్యువలే ఉండాలి, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పోతే ఆ ఖర్చు నువ్వు తట్టుకోలేవు అన్నాడు. మా అన్న ఫోన్‌లో చూసే అమెరికా వీడియోల్లో పికప్‌లు ఇల్లంత ట్రైలర్లను అవలీలగా ఈడ్చుకుపోతుంటాయి. ఈ ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఒక్కొక్కరు ఒక్కో ప్రశ్నకు జవాబు చెబుతున్నారు, అంతే.

బ్రోచర్‌లో ఒక్క అంకె, బండి మీద నాలుగు

"ఈ బండి 3 టన్నులు లాగుతుంది" అన్న మాట దగ్గరే సగం గందరగోళం మొదలవుతుంది. నిజానికి చూడాల్సిన అంకెలు నాలుగు. కర్బ్ వెయిట్ అంటే మనుషులు, సామాను లేకుండా డీజిల్‌తో నిలబడ్డ బండి బరువు. జీవీడబ్ల్యూ అంటే మనుషులు, సామాను అన్నీ కలిపి ఆ బండి తన చక్రాల మీద మోయదగ్గ గరిష్ఠ బరువు. జీసీడబ్ల్యూ అంటే బండి, ట్రైలర్ రెండూ కలిపి రోడ్డు మీద ఉండదగ్గ మొత్తం. నాలుగోది టో రేటింగ్, ట్రైలర్ ఒక్కదాని పరిమితి. ప్రకటనల్లో కనిపించేది ఈ చివరిదే.

ఒక ఉదాహరణ వేసుకుందాం. అంకెలు ఊహించినవే, తీరు మాత్రం నిజమైనదే. పికప్ కర్బ్ వెయిట్ 2,000 కిలోలు, జీవీడబ్ల్యూ 2,900, జీసీడబ్ల్యూ 5,500, టో రేటింగ్ 3,000. మన ఫుడ్ ట్రైలర్ సామానుతో సహా 2,500 కిలోలు తూగింది. మూడు వేలకు ఇంకా అయిదొందలు తక్కువే కాబట్టి నిశ్చింతగా ఉండొచ్చు అనిపిస్తుంది.

ఇప్పుడు బండి ఎక్కుదాం. నలుగురు మనుషులు, తలా 70 కిలోల చొప్పున 280. పాతిక కిలోల బియ్యం బస్తాలు పది, 250. ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు ఎనిమిది, 160. మొత్తం 690. ట్రైలర్ ముందు భాగం హిచ్ మీద, అంటే పికప్ వెనక దాన్ని తగిలించే కొక్కెం మీద వాలి ఉంటుంది కదా, ఆ బరువు పదో వంతు అనుకుంటే ఇంకో 250. కలిపితే 940. బండి మోయగలిగింది 900. అంటే టో రేటింగ్ దాటలేదు, మొత్తం 5,190 కాబట్టి జీసీడబ్ల్యూ కూడా దాటలేదు, కానీ పికప్ మాత్రం 40 కిలోలు ఓవర్‌లోడ్‌లో ఉంది. వెనక స్ప్రింగులు కుంగుతాయి, ముందు చక్రాలు తేలికవుతాయి, స్టీరింగ్ వదులైనట్టు అనిపిస్తుంది. నీళ్ల క్యాన్లను ట్రైలర్ ఇరుసు మీదకు మారిస్తే అదే బరువుతో లెక్క సరిపోతుంది. గేర్‌బాక్స్ ఏ రకమైనా ఈ లెక్క మారదు.

కాడి లేచిపోయిన ఎద్దుబండి

హిచ్ మీద పడే ఆ బరువును అమెరికాలో టంగ్ వెయిట్, అంటే నాలుక బరువు అంటారు. నాకు మాత్రం ఎద్దుబండే గుర్తొస్తుంది. ధాన్యం బస్తాలు వెనక్కి ఎక్కువైతే కాడి పైకి లేచి పలుపులు ఎద్దుల గొంతుకు బిగుసుకుంటాయి. ముందుకు ఎక్కువైతే మెడలు కాయలు కాసి పుండ్లవుతాయి. బండి కట్టే ముసలాయన కాడిని చేత్తో ఎత్తి చూసి, "ఇంకో బస్తా ముందుకు జరపండి" అనేవాడు. ఆయన ఏ పుస్తకమూ చదవలేదు.

మోటారు బండిలోనూ అంతే. అమెరికాలో ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద ఉండాలంటారు. యూరప్‌లో కార్లకు అంతకంటే బాగా తక్కువ పెడతారు. అక్కడ ట్రైలర్ల వేగ పరిమితులు తక్కువ, ట్రైలర్లు కట్టే పద్ధతి వేరు. మరీ తక్కువైతే వేగం పెరిగేకొద్దీ ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది, ఊపు పెరిగి పెరిగి బండినే తిప్పేస్తుంది. ఈ బరువు తెలుసుకోవడానికి వేబ్రిడ్జి చాలు. ట్రైలర్‌ను విడిగా కాటా మీద పెడితే 2,500 చూపించిందనుకోండి. పికప్‌కు తగిలించి, ట్రైలర్ చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచితే 2,250 చూపిస్తుంది. తేడా 250 హిచ్ మీదకు పోయినట్టు.

తిరిగే ఇంజిన్‌కూ ఆగిన చక్రానికీ మధ్య

ఇక అసలు సంగతికి వద్దాం. డీజిల్ ఇంజిన్ నిమిషానికి ఏడెనిమిది వందల సార్లయినా తిరగకపోతే ఆగిపోతుంది. చక్రమేమో ఆగి ఉంది. ఈ రెండింటినీ ఒక్కసారిగా కలిపితే ఇంజిన్ గుడుక్కున ఆగిపోతుంది. అందుకే మధ్యలో క్లచ్. ఇంజిన్ వైపు ఫ్లైవీల్, దాని మీద అదిమిపట్టే ప్రెషర్ ప్లేట్, రెండింటి మధ్య చపాతీలా నలిగే క్లచ్ ప్లేట్. పెడల్ మెల్లగా వదులుతుంటే ప్లేటు జారుతూ జారుతూ పట్టుకుంటుంది. మనవాళ్లు హాఫ్ క్లచ్ అనేది ఈ జారుడునే. జారినంతసేపు రాపిడి, రాపిడి ఉన్నంతసేపు వేడి. పూర్తిగా పట్టుకున్నాక జారుడు లేదు, వేడీ లేదు.

అందుకే హైవే మీద నాలుగో గేర్‌లో గంటల తరబడి రెండు టన్నులు లాగినా క్లచ్ ప్లేటుకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. దానికి ప్రాణసంకటమంతా కదిలే ఆ మొదటి నాలుగు క్షణాల్లోనే.

మా అన్న బండి క్లచ్ విప్పినప్పుడు నేనూ వెళ్లాను. మెకానిక్ పాత ప్లేటును ఫుట్‌పాత్ మీద పడేశాడు. రాపిడి పొర అరిగి రివెట్ల తలలు బయటపడ్డాయి. అవి ఫ్లైవీల్‌ను గీకి, రికార్డు ప్లేటు మీద గాళ్లలా గుండ్రంగా చారలు పెట్టాయి. ఆ చారల మధ్య అక్కడక్కడ నెమలికంఠం రంగు మచ్చలు. ఉక్కు మూడొందల డిగ్రీల దాకా కాగితే వచ్చే నీలం అది. మచ్చల చుట్టూ వెంట్రుకవాసి పగుళ్లు. గోరుతో రాస్తే తగులుతున్నాయి. "ఇది లోడు లాగి పోయింది కాదన్నా, నిలబెట్టి పోగొట్టింది" అన్నాడు మెకానిక్. ఆ మాటలో ఈ వ్యాసం సగం ఉంది.

గీజర్ల లెక్క

నిలబెట్టి పోగొట్టడం అంటే ఏమిటో అంకెల్లో చూద్దాం. లెక్క సులువు కోసం ఈసారి పికప్ 2 టన్నులు, ట్రైలర్ 2 టన్నులు అనుకుందాం. ఫస్ట్ గేర్‌లో ఇంజిన్ 1,000 ఆర్‌పీఎం (నిమిషానికి వెయ్యి చుట్లు) దగ్గర బండి వేగం గంటకు సుమారు 8 కిలోమీటర్లు అనుకుందాం, చాలా పికప్‌లకు దాదాపు అంతే ఉంటుంది. ఆగిన బండి ఆ వేగం అందుకునేదాకా క్లచ్ జారుతుంది. అందుకోవడానికి నాలుగున్నర సెకన్లు పట్టిందనుకుందాం.

సమతలం మీద ఖాళీ పికప్ ఒక్కటే కదిలితే క్లచ్‌లో పుట్టే వేడి సుమారు 5 కిలోజౌళ్లు. ఇంట్లో 2 కిలోవాట్ల గీజర్ రెండున్నర సెకన్లు వేస్తే పుట్టేంత. ట్రైలర్ కట్టగానే బరువు రెట్టింపు, వేడీ రెట్టింపు, 10 కిలోజౌళ్లు. ఇంతవరకు ఎవరికైనా తట్టేదే.

ఇప్పుడు అదే జంటను ఎగువ మీద నిలబెడదాం. పది మీటర్లు ముందుకు పోతే మీటరు ఎత్తు ఎక్కే ర్యాంపు. ఇక్కడ క్లచ్ రెండు పనులు చేయాలి: బండికి వేగం ఇవ్వాలి, బండి వెనక్కి జారకుండా కూడా పట్టుకోవాలి. అంతే మెల్లగా కదిలితే ఆ రెండో పని మొదటిదానికి దాదాపు రెండింతలు. మొత్తం వేడి మూడింతలై 30 కిలోజౌళ్లు. ట్రైలర్ కట్టడం వల్ల వేడి రెండింతలే అయింది, ర్యాంపు వల్ల అది మళ్లీ మూడింతలైంది. కొండ ముందు ట్రైలరే చిన్నబోయింది.

ఇక హాఫ్ క్లచ్‌లో నిలబెట్టడం. ర్యాంపు మీద బ్రేకు వాడకుండా, ముందుకీ వెనక్కీ పోకుండా క్లచ్‌తోనే బండిని ఆపి పట్టుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది, అదొక పనితనం అనుకుంటాం కూడా. నాలుగు టన్నులను అలా పట్టుకుంటే క్లచ్‌లో దాదాపు 9 కిలోవాట్ల వేడి పుడుతూనే ఉంటుంది. నాలుగు గీజర్లకు పైనే. పది సెకన్లు పట్టుకుంటే, ఆ ర్యాంపు మీదే మూడుసార్లు కొత్తగా కదిలించినంత. ఆక్సిలరేటర్ ఎక్కువ తొక్కి పట్టుకుంటే ఇంజిన్ వేగంతో పాటు అదీ పెరుగుతుంది. ఈ వేడంతా పోయేది క్లచ్‌ను మూసిపెట్టిన డొప్ప, బెల్ హౌసింగ్ లోపలికే. అక్కడ నూనె ఉండదు, నీళ్లు ఉండవు, గాలి కూడా అంతంతమాత్రమే.

బెంగళూరు ట్రాఫిక్ సంగతేంటని అడగొచ్చు. కె.ఆర్.పురం దాటి వైట్‌ఫీల్డ్ చేరేలోపు నలభైసార్లు ఆగి కదిలారనుకుందాం. సమతలం మీద ఒక్కోసారికి 10 చొప్పున 400 కిలోజౌళ్లు. వినడానికి పెద్ద అంకె. కానీ అది గంటసేపట్లో పుట్టి, ఎప్పటికప్పుడు కొంత చల్లారిపోతుంది. ర్యాంపు మీద రివర్స్‌లో ముందుకు వెనక్కు ఆడుతూ అరనిమిషం హాఫ్ క్లచ్‌లో ఉంటే 260 కిలోజౌళ్లు, అదీ ఒక్క దెబ్బలో. మొత్తం ఎంత అన్నదాని కంటే ఎంత తొందరగా అన్నదే ప్లేటుకు ముఖ్యం.

ట్రైలర్‌తో రివర్స్ చేయడం ఎలాగూ నెమ్మదిగా జరిగే పని. స్టీరింగ్ ఎటు తిప్పితే ట్రైలర్ దానికి ఎదురు తిరుగుతుంది. రివర్స్ గేర్ ఇంజిన్‌ను ఆపకుండా పోగలిగే వేగం కంటే మనకు కావలసిన వేగం తక్కువ. ఆ తేడా మొత్తం క్లచ్ నెత్తిన పడుతుంది.

ఫోర్ లో గేరు చేసే మేలు

నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే ఫోర్ బై ఫోర్ పికప్‌లలో ఫోర్ లో అని ఇంకో వరస ఉంటుంది. అది వేస్తే ప్రతి గేరూ సుమారు రెండున్నర రెట్లు నెమ్మదిస్తుంది. 8 కిలోమీటర్ల ఫస్ట్ గేర్ కాస్తా 3 చిల్లరకు వస్తుంది. క్లచ్ వేడి ఈ వేగానికి వర్గంలో మారుతుంది కాబట్టి రెండున్నరను రెండున్నరతో గుణించాలి, అంటే ఆరో వంతుకు పడిపోతుంది. పైన చెప్పిన ర్యాంపు మీద 30 కిలోజౌళ్లు అయిదుకు దిగుతాయి. సమతలం మీద ఖాళీ పికప్‌కు ఎంతో, ఎగువ మీద ట్రైలర్‌తో అంతే. బురదలోనే వాడాలనుకునే ఆ లివర్‌కు ఇంత పని ఉందని చాలామందికి తెలియదు.

చిక్కు ఒకటుంది. మన దగ్గర దొరికే పికప్‌లలో ఫోర్ బై ఫోర్ ఎక్కువగా పార్ట్ టైమ్ రకం. ముందు ఇరుసు, వెనక ఇరుసు బిగించేసినట్టు ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో మాత్రం రెండూ వేరువేరు దూరాలు తిరగాలి. గట్టి తారు రోడ్డు మీద టైర్లు జారలేవు, ఆ బిగువంతా గేర్లు, షాఫ్టుల మీద పడుతుంది. సూటిగా నాలుగు మీటర్లకు పర్వాలేదు, స్టీరింగ్ తిప్పి రివర్స్ చేయడానికి కాదు. మా అన్నది టూ వీల్ డ్రైవే కాబట్టి ఆ చర్చ అక్కడితో ముగిసింది.

ఆటోమేటిక్‌లో ఆ వేడి ఏమవుతుంది

మాయం కాదు. సాధారణ ఆటోమేటిక్‌లో క్లచ్ పెడల్ చోట టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఎదురెదురుగా రెండు ఫ్యాన్లు, మధ్యలో గాలికి బదులు నూనె. ఇంజిన్ వైపు ఫ్యాను నూనెను తోస్తే అవతలి ఫ్యాను తిరుగుతుంది. మధ్యలో మూడోది ఒకటి, స్టేటర్, వెనక్కి వచ్చే నూనెను మళ్లీ సాయంగా తిప్పుతుంది. దానివల్ల బండి కదిలే క్షణంలో ఇంజిన్ టార్క్, అంటే తిప్పే బలం, దాదాపు రెండింతలై గేర్‌బాక్స్‌కు చేరుతుంది. క్లచ్ ఇలా పెంచలేదు, ఇచ్చినంత దాటించగలదు, అంతే.

ఇక్కడా జారుడుంది, చాలానే ఉంది. కానీ వేడి నూనెలోకి పోతుంది, నూనె కూలర్‌లోకి పోతుంది, గాలికి చల్లారి తిరిగొస్తుంది. ఎండుగా కాలే చోటికీ నూనెలో వేగే చోటికీ ఉన్న తేడా ఇది. బ్రేకు మీంచి కాలు తీస్తే బండి దానంతటది పాకుతుంది కాబట్టి రివర్స్ సులువు. అయితే నూనెకూ ఓపిక ఉంది. పొడవాటి ఎగువ మీద, ఎండలో, కన్వర్టర్ లాక్ కాకుండా (రెండు ఫ్యాన్లూ బిగుసుకుని ఒక్కటిగా తిరగకుండా) నెమ్మదిగా పోతుంటే నూనె కాగి చెడిపోతుంది. దాంతో పాటు లోపలి ప్లేట్లూ పోతాయి. అప్పుడు వచ్చే బిల్లు క్లచ్ సెట్టు బిల్లు లాంటిది కాదు. మెకానిక్ భయం అదే, న్యాయమైన భయమే. క్లచ్ సెట్టు జేసీ రోడ్డులో పొద్దున కొంటే సాయంత్రానికి బండి రోడ్డెక్కుతుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ విప్పే చేతులు తక్కువ.

రెండు పికప్‌లు, రెండు ఎదురు జవాబులు

మాన్యువల్ తక్కువ లాగుతుందా, ఎక్కువ లాగుతుందా అన్నదానికి కంపెనీలే ఒక మాట మీద లేవు. అమెరికాలో జీప్ గ్లాడియేటర్ 2020లో వచ్చినప్పుడు ఆటోమేటిక్‌కు గరిష్ఠంగా 7,650 పౌండ్లు, అంటే సుమారు 3,470 కిలోలు రాశారు. అదే బండి మాన్యువల్‌కు గరిష్ఠంగా 4,500 పౌండ్లు, సుమారు 2,040 కిలోలు. ఇంజిన్ ఒకటే. ఇటు ఆస్ట్రేలియాలో 2015 తర్వాతి టొయోటా హైలక్స్ ఫోర్ బై ఫోర్ డీజిల్‌కు మాన్యువల్ అయితే 3,500 కిలోలు, ఆటోమేటిక్ అయితే 3,200. పూర్తిగా తలకిందులు. తర్వాత 2020 మార్పుల్లో రెండింటినీ 3,500 చేశారు.

గ్లాడియేటర్‌ది పెట్రోల్ వీ6. దాని గరిష్ఠ టార్క్ 4,400 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది. కింది వేగాల్లో బలం తక్కువ, కాబట్టి బరువుతో కదలాలంటే ఆక్సిలరేటర్ తొక్కి క్లచ్‌ను ఎక్కువగా జార్చాలి. హైలక్స్ డీజిల్ 1,400 ఆర్‌పీఎం నుంచే గట్టిగా పట్టుకుంటుంది, జారుడు కొద్దిసేపే. అక్కడ ముందుగా ఇబ్బంది పడేది ఆటోమేటిక్ నూనె కావచ్చు. కారణాలను కంపెనీలు బ్రోచర్‌లో రాయవు, ఇది నా అంచనా. అయినా గీజర్ల లెక్కతో బాగానే పొసుగుతుంది.

టో రేటింగ్ తేల్చడానికి అమెరికా కంపెనీలు ఎక్కువగా పాటించే ఎస్ఏఈ జె2807 పరీక్ష చూసినా ఈ సంగతే కనిపిస్తుంది. అరిజోనా ఎడారిలో డేవిస్ డ్యామ్ దగ్గర 11 మైళ్లకు పైగా ఉన్న ఎగువను, 38 డిగ్రీల ఎండలో, ఏసీ పూర్తిగా వేసి, నిర్ణీత వేగం తగ్గకుండా ఎక్కాలి. అందరూ చెప్పుకునేది ఈ భాగమే. మాన్యువల్‌కు యమగండం ఇంకోటి: 12 శాతం ఎగువ మీద ట్రైలర్‌తో ఆగి, అయిదు నిమిషాల్లో అయిదుసార్లు కదిలి చూపాలి, ముందుకు వేరే, రివర్స్‌లో వేరే. మా అన్న సాయంత్రం ర్యాంపు దగ్గర పడే పాట్లకు ప్రయోగశాల రూపం అది.

క్లచ్ ఒక్కటే కాదు, గేర్‌బాక్స్ పళ్ల బలం కూడా ఇందులో కలుస్తుంది. అమెరికా హెవీ డ్యూటీ పికప్‌లలో చివరిదాకా మాన్యువల్ ఇచ్చింది ర్యామ్, అదీ 2018 మోడల్‌తో ఆగిపోయింది. ఆ ఏడాది దాని కమ్మిన్స్ డీజిల్ ఆటోమేటిక్‌తో 930 పౌండ్-ఫీట్ల టార్క్ ఇచ్చేది, మాన్యువల్‌తో 660 దగ్గరే ఆపేశారు. మనకు దగ్గరి ఉదాహరణ బెంగళూరు పక్కనే, టొయోటా ఫ్యాక్టరీ ఉన్న బిడదిలోనే ఉంది. 2022లో ఇక్కడ అమ్మకానికి వచ్చిన హైలక్స్ 2.8 లీటర్ డీజిల్‌కు ఆటోమేటిక్‌లో 500 న్యూటన్ మీటర్లు, మాన్యువల్‌లో 420. బరువు లాగాలంటే ఆటోమేటికే తీసుకోండి అని షోరూమ్ వాళ్లు చెప్పిన మాటకు మూలం ఇలాంటి అంకెలే. ఆధారం ఉన్న మాటే, కానీ 420 కూడా రెండు టన్నుల ట్రైలర్‌కు తక్కువేం కాదు.

మరి 55 టన్నుల లారీ ఎలా కదులుతోంది?

మెకానిక్ తురుపు ముక్క ఇది. హోస్కోటె వైపు నిలబడితే మాన్యువల్ గేర్లతోనే పెద్ద పెద్ద ట్రెయిలర్ లారీలు పోతుంటాయి. అవి లాగగా పికప్ ఎందుకు లాగలేదు అంటాడు. జవాబు ఫస్ట్ గేర్‌లో ఉంది. ఆ లారీలకు తొమ్మిదో పదో గేర్లు, అన్నిటికంటే కింద క్రాలర్ అని ఒకటి. అందులో బండి మనిషి నడిచే వేగం కంటే నెమ్మదిగా పోతుంది. పైన ఫోర్ లో గురించి చెప్పుకున్న వర్గం లెక్కే మళ్లీ. క్లచ్ ప్లేటూ పళ్లెమంత పెద్దది. ట్రాక్టర్ కథా అదే. పికప్‌ను చేసింది ఖాళీగా హైవే మీద గంటకు వంద పోవడానికి కూడా, కాబట్టి దాని ఫస్ట్ గేర్ రాజీపడ్డ గేర్.

క్లచ్ పూర్తిగా పట్టుకున్నాక కూడా ఒక తప్పు జరుగుతుంది. డీజిల్ మిగులుతుందని నాలుగో గేర్‌లో వెయ్యి ఆర్‌పీఎం దగ్గర ఎగువ ఎక్కిస్తారు. ఇంజిన్ గుడగుడమని బండంతా వణుకుతుంది. కొత్త డీజిళ్లలో చాలావాటికి ఉండే డ్యుయల్ మాస్ ఫ్లైవీల్‌లో ఆ వణుకును మింగడానికి స్ప్రింగులు ఉంటాయి. రోజూ అలాగే నడిపితే ఆ స్ప్రింగులు అరిగి కటకటమంటాయి, క్లచ్ సెట్టు కంటే దీని ధర ఎక్కువ. ఒక గేరు దించితే పోయేదానికి.

మొగిలి ఘాట్ దిగేటప్పుడు

ఎక్కడం గురించే మాట్లాడుకుంటాం గానీ ప్రాణం మీదకొచ్చేది దిగేటప్పుడు. బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. చిత్తూరు వైపు పోతుంటే పలమనేరు దాటాక మొగిలి ఘాట్‌లో రోడ్డు ఒక్కసారిగా కిందకు దిగుతుంది. ప్రమాదాలకు పేరుపడ్డ చోటు. చిత్తూరులో పెళ్లి ఆర్డర్లు ఉన్నప్పుడు మా అన్న ఆ దారినే పోతాడు.

అయిదు శాతం దిగువలో నాలుగు టన్నులు గంటకు 50 కిలోమీటర్లతో దిగుతుంటే భూమి ఇచ్చే తోపు 27 కిలోవాట్లు. గాలి, టైర్ల రాపిడి తీసేసినా పదహారు దాకా మిగులుతుంది. ఎనిమిది గీజర్లు. ఆ పదహారును ఎక్కడో ఒకచోట ఖర్చు పెట్టాలి. గేర్ దించితే ఇంజిన్ కొంత మింగుతుంది, మిగతాది బ్రేకుల పాలు. ట్రైలర్‌కు సొంత బ్రేకులు లేకపోతే పికప్ ఒక్కదాని కోసం చేసిన బ్రేకులు నాలుగు టన్నులకు చాకిరీ చేస్తాయి. యూరప్‌లో, ఆస్ట్రేలియాలో బ్రేకులు లేని ట్రైలర్‌కు 750 కిలోల దగ్గర గీత గీయడం ఇందుకే.

ఇక్కడ మాన్యువల్‌ది పైచేయి అంటారు. గేరు మన చేతిలో ఉంటుంది, వేసిన గేరు వేసినట్టే ఉంటుంది. ఆ మాట పాత ఆటోమేటిక్‌లకు బాగా సరిపోయేది. ఇప్పటివాటిలో గేరును చేత్తో పట్టి ఉంచే వీలుంది, కొన్నింట్లో ట్రైలర్ కోసం ప్రత్యేక మోడ్ కూడా ఉంటుంది, తేడా బాగా తగ్గిపోయింది. పైగా మాన్యువల్‌లోనే ఒక ప్రమాదం దాగి ఉంది: దిగువలో గేరు దించబోయి పడకపోతే బండి న్యూట్రల్‌లో పరిగెడుతుంది. ఇక డీజిల్ ఆదా అని కావాలనే న్యూట్రల్‌లో దించేవాళ్ల సంగతి. కొత్త ఇంజిన్లు గేర్‌లో ఉండి ఆక్సిలరేటర్ వదిలితే డీజిల్ పూర్తిగా ఆపేస్తాయి, న్యూట్రల్‌లో మాత్రం ఇంజిన్‌ను తిప్పడానికి కొంత తాగుతూనే ఉంటాయి. బ్రేకులూ పోయె, డీజిలూ పోయె.

కాగితాల మాట కాస్త

1988 మోటారు వాహనాల చట్టం ట్రైలర్‌ను విడిగా నిర్వచిస్తుంది, రిజిస్ట్రేషన్ నిబంధనలు దానికీ వర్తిస్తాయని 61వ సెక్షన్ చెబుతుంది. ఇనుము కొని వెల్డింగ్ షాపులో చేయించుకుని హిచ్‌కు తగిలించేస్తే ట్రైలర్ అయిపోదు. లైసెన్స్ గురించి కూడా జనంలో గందరగోళం ఉంది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం, ఎల్ఎంవీ (తేలికపాటి మోటారు వాహనాల) లైసెన్స్ ఉన్నవాళ్లు మొత్తం బరువు 7,500 కిలోలు దాటని రవాణా వాహనాన్ని నడపవచ్చని తేల్చింది. అందువల్ల మామూలు పికప్‌కు ఆ చర్చ సద్దుమణిగినట్టే. అయినా ట్రైలర్ తగిలించాక ఇన్సూరెన్స్ పాలసీలో దాని పేరుందా లేదా అన్నది వేరే ప్రశ్న, ప్రమాదం జరిగిన రోజే అందరికీ గుర్తొస్తుంది.

ర్యాంపు దగ్గరకు మళ్లీ

ఈ లెక్కలన్నీ ఒక కాగితం మీద వేసి మా అన్నకు చూపించాను. ఆయన సంగటి కెలుకుతూనే విన్నాడు. హైవేకు నీ బండి సరిపోతుంది, ట్రాఫిక్‌కూ సరిపోతుంది, నీ క్లచ్ రోజుకు అరనిమిషంలో పోతోంది అన్నాను. "అంటే బండి మార్చేదానికి పన్లేదంటావా?" అన్నాడు. పాదం నొప్పికి, ట్రాఫిక్ టెన్షన్‌కు మార్చుకోవాలంటే మార్చుకో, క్లచ్ కోసమైతే లెక్క వేరే అన్నాను.

కొటేషన్ ఇంకా డ్యాష్‌బోర్డు మీదే ఉంది, ఎండకు పసుపెక్కుతోంది. మా అన్న మాత్రం మర్నాడు సైటు ఓనర్‌కు ఫోన్ చేశాడు, ర్యాంపు పైన కాకుండా కింద రోడ్డు పక్కన చదునుగా ఉన్న జాగాకు అద్దె ఎంతని.